దారి తెలిసిన బొమ్మ

ఈ విద్యాలయానికి నేను మీలో చాలామంది కంటే కొత్త. జులైలో చేరాను. పదకొండేళ్ల సర్వీసులో ఇది నా ఐదో ఊరు. విజయనగరంలో మొదలుపెట్టి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, బళ్లారి తిరిగి ఇక్కడికి వచ్చాను. తెలుగు పిల్లలు ఉన్నచోట తెలుగు చెప్పాను, లేనిచోట సోషల్ చెప్పాను. ఒకచోట ఏడాదిపాటు లైబ్రరీ తాళాలు కూడా నా దగ్గరే ఉండేవి. కనుక "మేడమ్, మీది ఏ ఊరు?" అని మీరు అడిగినప్పుడు నేను ఒక్క క్షణం ఆగితే, చెప్పడం ఇష్టం లేక కాదు. ఏది చెప్పాలో తేలక.

పోయిన వేసవి సెలవులకు ముందు, పాత విద్యాలయంలో ఏడో తరగతి పిల్లవాడొకడు నన్ను ఇంకో ప్రశ్న అడిగాడు. వాడు సగం సంవత్సరంలో చేరినవాడు. తండ్రి సైన్యంలో పనిచేస్తారు. నోటుపుస్తకాల మీద పేరు పెన్నుతో రాస్తాడు కానీ, విద్యాలయం పేరు మాత్రం పెన్సిలుతో రాస్తాడు. ఎందుకురా అంటే, "మళ్లీ రబ్బరుతో చెరిపి కొత్తది రాసుకోవచ్చు కదా మేడమ్" అన్నాడు. నేను నవ్వాను. వాడు నవ్వలేదు. "ఎలాగూ వెళ్లిపోతాం కదా, మళ్లీ మళ్లీ స్నేహితులను చేసుకోవడం ఎందుకు?" అని అడిగాడు. అప్పుడే గంట కొట్టారు. గంటకి అంత రుణపడిన రోజు నా ఉద్యోగంలో ఇంకోటి లేదు.

ఆ సెలవుల్లోనే మావారూ నేనూ ఆస్ట్రేలియా వెళ్లాం. చూసొద్దామని సరదాగా పెట్టుకున్న ప్రయాణం కాదది. మా ఆడబిడ్డ కుటుంబం పెర్త్ నగరంలో ఉంటుంది. పెర్త్ ఆ దేశానికి పడమటి అంచు. వాళ్లాయనకి ఉద్యోగం అడిలైడుకి మారింది. బదిలీలు మనకే అనుకుంటాం, అక్కడా ఉన్నాయి. సామాన్లు లారీలో వెళతాయి, వాళ్లు చంటిపిల్లాడితోనూ ఆరేళ్ల అమ్మాయితోనూ విమానంలో వెళతారు. మిగిలింది పాత కారు. "అన్నయ్యా, మీరిద్దరూ ఎలాగూ వస్తామంటున్నారు కదా, ఆ కారుని మీరు తోలుకొస్తారా? వదిన కూడా చూసినట్టు ఉంటుంది" అంది. పెర్త్ నుంచి అడిలైడుకి దాదాపు 2,700 కిలోమీటర్లు. మావారు వెంటనే సరే అన్నారు. ఆయన రైల్వేలో సిగ్నళ్ల విభాగం. దూరమంటే ఆయనకి భయం లేదు. నేను అనుమతి కాగితాల కోసం ఆఫీసు చుట్టూ తిరిగి, నెలన్నర ముందు తెచ్చుకున్నాను.

నేను ఒప్పుకోవడానికి కారణం వేరే ఉంది. మాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. ఆయన గుంతకల్లులో ఉంటే నేను ఖరగ్‌పూర్‌లో, ఆయన ఖుర్దా రోడ్డుకి వస్తే నేను బళ్లారికి. ఆ సెలవులకి ముందే నా పేరు మళ్లీ బదిలీల జాబితాలో వచ్చింది. ఇక చాలు, ఉద్యోగం మానేద్దాం అని నాలో నేను నిర్ణయించుకున్నాను. ఉత్తరం కూడా రాసి బ్యాగులో పెట్టుకున్నాను. ఆయనకి చెప్పలేదు. ఫోనులో చెప్పే మాట కాదది. ఆరు రోజులు ఒకే కారులో ఉంటాం, ఎక్కడో ఒకచోట చెప్పొచ్చులే అనుకున్నాను.

బయలుదేరే రోజు పొద్దున్నే మా ఆడబిడ్డ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. పక్కింటి తెల్లాయన గోడ మీదుగా చూస్తూ నిలబడ్డాడు. పులిహోర కలుపుకోమని ఇంకో ఆరు నిమ్మకాయలు, టమాటాలు, కుండీలోంచి తెంపిన రెండు కరివేపాకు రెబ్బలు సంచిలో పెట్టింది. ఆ కుండీని మాత్రం పక్కింటాయనకే ఇచ్చేసింది. అక్కడ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మొక్కల్ని ఇష్టమొచ్చినట్టు తీసుకుపోనివ్వరట.

కారు కదలబోతుంటే మేనకోడలు పరుగెత్తుకొచ్చి ఒక గుడ్డబొమ్మని కిటికీలోంచి నా ఒళ్లో పడేసింది. ఒక చెవి ఊడిన కుందేలు. "అత్తా, దీన్ని మీరే తీసుకురండి. విమానంలోంచి ఏమీ కనిపించదు. కారులో వస్తే దీనికి దారి తెలుస్తుంది."

"దారి తెలిస్తే ఏం చేస్తుందే?"

"మళ్లీ వెనక్కి రావాలంటే తెలియాలి కదా!"

కుందేలుకి వెనక సీట్లో బెల్టు పెట్టి బయలుదేరాం.

అక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు. స్టీరింగు కుడివైపే ఉంటుంది. మన లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లకి అది సరిపోతుంది. మొదటిరోజు దారి పొడుగునా రోడ్డు పక్కన ఒక లావుపాటి ఇనుప గొట్టం మాతోపాటే వచ్చింది. నీళ్ల గొట్టం. 1903లో వేశారు. పెర్త్ దగ్గరి కొండల్లోంచి కాల్‌గూర్లీ బంగారు గనుల దాకా 500 కిలోమీటర్లకు పైగా నీళ్లను ఎదురెక్కించి పంపుతుంది. ఇప్పటికీ పనిచేస్తోంది. బంగారం దొరికిన చోట తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు మరి. ఆ రాత్రి నార్స్‌మన్ అనే చిన్న ఊళ్లో దిగాం. ఆ పేరు ఒక గుర్రానిది. కాలితో నేల గీరుతుంటే దాని గిట్ట కింద బంగారు రాయి బయటపడిందట. గుర్రం పేరు ఊరికి పెట్టారు, గుర్రానికి మాత్రం గడ్డే దక్కి ఉంటుంది.

అసలు దారి మర్నాడు మొదలైంది. నార్స్‌మన్ నుంచి సెడూనా దాకా 1,200 కిలోమీటర్లు. మధ్యలో పెద్ద ఊరన్నది లేదు. దూరం దూరంగా ఒక్కో రోడ్‌హౌస్ వస్తుంది. పెట్రోలు, తిండి, నాలుగు గదులు, అంతే. పెట్రోలు ధర ఒక్కోచోట గుండె గుభేలుమనిపిస్తుంది. అయినా ముల్లు సగానికి వచ్చిందంటే పోయించుకోవాల్సిందే. ఈ మైదానాన్ని నల్లార్‌బోర్ అంటారు. లాటిన్ భాషలో 'చెట్టు లేనిది' అని అర్థం. అచ్చం అక్కడివాళ్ల భాష మాటలా వినిపిస్తుంది కానీ కాదు. ఆ నేల మీద వేల ఏళ్లుగా ఉంటున్న మిర్నింగ్ ప్రజలకి అది ఖాళీ మైదానమూ కాదు. నేలంతా సున్నపురాయి. వాన పడితే నీరు పైన నిలవదు, కిందికి ఇంకిపోయి గుహల్లో చేరుతుంది. అందుకే చెట్లు లేవు. బూడిదరంగు పొదలు, ఎర్రమట్టి, ఆకాశం.

మొదటి మజిలీ బల్లడోనియా. అక్కడి రోడ్‌హౌస్‌లో ఒక చిన్న మ్యూజియం ఉంది. అందులో ఏముందో తెలిశాక నేను గట్టిగా అరిచినంత పని చేశాను. స్కైలాబ్! 1979 జులైలో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ కూలిపోతుందంటే, అది మా అమ్మమ్మ వాళ్ల ఊరి మీదే పడుతుందని జమ్మికుంట చుట్టుపక్కలంతా వణికిపోయిందట. ఎలాగూ చచ్చేదానికి దాచుకోవడం ఎందుకని కోళ్లనీ మేకల్నీ కోసుకు తిన్నారట. అప్పు ఇచ్చినవాళ్లు ఏడ్చారు, తీసుకున్నవాళ్లు నవ్వారు. మర్నాడు తెల్లారాక అమ్మమ్మ వాళ్లింట్లో గుడ్డు పెట్టడానికి ఒక్క కోడి లేదు. ఆ స్కైలాబ్ ముక్కలు పడింది ఇక్కడ, ఈ చుట్టుపక్కల, దక్షిణాన సముద్రం ఒడ్డున ఉన్న ఎస్పరెన్స్ ఊరి మీద! బహిరంగ ప్రదేశంలో చెత్త వేసినందుకు ఆ ఊరివాళ్లు అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకి 400 డాలర్ల జరిమానా కాగితం ఇచ్చారు. మా అమ్మమ్మ బతికుంటే కోళ్ల ఖరీదు కూడా అందులో కలపమనేది.

బల్లడోనియా దాటాక ఒక బోర్డు వస్తుంది. ఆస్ట్రేలియాలోకెల్లా పొడవైన తిన్నని రోడ్డు, 146.6 కిలోమీటర్లు. కైగునా దాకా ఒక్క మలుపు లేదు. అక్కడ మావారు కారు ఆపి, "నువ్వు నడుపు" అన్నారు. నాకు లైసెన్సు ఉంది కానీ బళ్లారి మార్కెట్టు రోడ్డులో నడిపిన అనుభవం తప్ప ఇంకోటి లేదు. "మలుపు లేదు, ఎదురుగా ఆవు లేదు, ఆటో లేదు. ఇక్కడ నేర్చుకోకపోతే ఎక్కడ నేర్చుకుంటావు?" అన్నారు.

పిల్లలూ, తిన్నని రోడ్డు తేలిక అనుకోకండి. కాసేపటికి కళ్లు మోసం చేస్తాయి. దూరంగా రోడ్డు మీద నీళ్లు నిలిచినట్టు మెరుస్తుంది, దగ్గరికి వెళితే ఏమీ ఉండదు. ఎదురుగా ఒక చుక్క కనిపిస్తుంది, ఎంతసేపటికీ పెద్దది కాదు. ఆ తర్వాత ఉన్నట్టుండి అది రోడ్ ట్రెయిన్ అయి మీద పడేంత వేగంగా వచ్చేస్తుంది. రోడ్ ట్రెయిన్ అంటే ఒక లారీకి రెండు మూడు ట్రెయిలర్లు తగిలించిన బండి. 35 మీటర్లకు పైనే పొడవు ఉంటుంది. అది పక్కనించి దాటిపోయేటప్పుడు గాలి మన కారుని ముందు ఒకవైపు నెడుతుంది, వెంటనే ఇంకోవైపు లాగుతుంది. మొదటిసారి స్టీరింగుని రెండు చేతులా పట్టుకుని ఆంజనేయ దండకం అందుకున్నాను.

ఇంకో సంగతి గమనించాను. ఎదురొచ్చే ప్రతి బండిలోని మనిషీ స్టీరింగు మీద నుంచి ఒక వేలు పైకెత్తుతున్నాడు. తప్పుగా నడుపుతున్నానని తిడుతున్నారేమో అనుకున్నాను. మావారు నవ్వి, "పలకరిస్తున్నారు. నువ్వు కూడా ఎత్తు" అన్నారు. ఆ దారిలో అది మర్యాద. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వెళ్లిపోయే మనుషులు, మళ్లీ జన్మలో కలవరు, అయినా వేలెత్తుతారు. కాసేపటికి నేనూ ఎత్తడం మొదలుపెట్టాను. ఒకాయన ఎత్తకుండా వెళ్లిపోతే మనసు చివుక్కుమంది కూడా.

ఆ తిన్నని రోడ్డు మీదే, సగం దాటాక, చెప్పేశాను. "నేను ఉద్యోగం మానేస్తున్నానండీ. ఉత్తరం రాశాను, బ్యాగులో ఉంది."

ఆయన మాట్లాడలేదు. రోడ్డు వైపే చూస్తున్నారు. నేనూ రోడ్డు వైపే చూస్తున్నాను, చూడక తప్పదు కదా. ఇంట్లో అయితే ఇలాంటి మాట అన్నాక ఎవరో ఒకరు లేచి వంటింట్లోకి వెళతారు. ఫోనులో అయితే సిగ్నల్ పోయిందంటారు. ఇక్కడ సిగ్నల్ నిజంగానే లేదు, లేచి వెళ్లడానికి చోటూ లేదు. దూరం చూపించే మీటరు మీద ముప్ఫై కిలోమీటర్లు తిరిగాయి.

చివరికి అడిగారు. "మనం పెళ్లయ్యాక ఒక ఇంట్లో ఎన్నాళ్లు ఉన్నామో లెక్కేశావా?"

లెక్కేయలేదు. ఇద్దరం కలిసి వేశాం. వేసవి సెలవులు, దసరా సెలవులు, ఆయన ఒకసారి కాలు విరిగి ఇంట్లో ఉన్న మూడు నెలలు, కరోనా లాక్‌డౌన్. మొత్తం రెండేళ్ల ఎనిమిది నెలలు తేలింది. తొమ్మిదేళ్లలో.

"సరే, నువ్వు మానేసి నా దగ్గరికి వచ్చేస్తావు. ఆ తర్వాత నాకు బదిలీ అయితే?"

నేను అది ఆలోచించలేదంటే నమ్ముతారా? పదకొండేళ్లుగా బదిలీ అంటే నాదే అనుకున్నాను. ఆయన ఊరు కదలకుండా ఉండే ఊరు, నేనే అటూ ఇటూ తిరిగేదాన్ని అన్నట్టు. ఆయన కూడా మూడేళ్లకోసారి పెట్టె సర్దుకునే మనిషే. "నువ్వు పాఠం చెప్పకుండా వచ్చి నా క్వార్టర్లో కూర్చుంటే, ఆ క్వార్టర్ కూడా మనది కాదు" అన్నారు. కోపంగా అనలేదు. నాకు మాత్రం కోపం వచ్చింది. కైగునా వచ్చేదాకా వచ్చిన ఇంకో కోపం ఏంటంటే, స్టీరింగు నా చేతిలో ఉంది కనుక ఏడవడానికి కూడా వీల్లేకపోయింది. కళ్లు మసకబారితే రోడ్డు కనిపించదు.

కైగునా దాటగానే ఇంకో వింత. గడియారం 45 నిమిషాలు ముందుకు జరుపుకోమని బోర్డు. మనకి గ్రీనిచ్ కాలం కంటే ఐదున్నర గంటల తేడా ఉందని చదువుకున్నారు కదా, ఆ అరగంట చూసి విదేశాలవాళ్లు వింతపడతారు. ఈ నాలుగైదు రోడ్‌హౌస్‌లకి మాత్రం తేడా ఎనిమిది గంటల నలభై ఐదు నిమిషాలు. ప్రభుత్వ లెక్కల్లో లేదు, అక్కడివాళ్లే పెట్టుకున్నారు. అటు పెర్త్ టైమూ ఇటు అడిలైడు టైమూ కాకుండా సరిగ్గా నడిమధ్య. మా బల్లమీద పంచాయితీ కూడా అక్కడికే వచ్చి ఆగింది, అటూ ఇటూ కాకుండా.

అక్కడ జూన్ అంటే చలికాలం, ఐదున్నరకే చీకటి పడుతుంది. చీకటి పడ్డాక కంగారూలు రోడ్డు మీదికి వస్తాయి. గుద్దితే వాటికీ మనకీ ప్రమాదమే. అందుకని వెలుతురు ఉండగానే ఒక రోడ్‌హౌస్‌లో దిగాం. కౌంటరు దగ్గర ఒక పంజాబీ అబ్బాయి ఉన్నాడు. పాతికేళ్లు ఉంటాయేమో. మమ్మల్ని చూసి హిందీలో పలకరించాడు. నేను టీచర్నని తెలియగానే లేచి నిలబడ్డాడు! చేతిలో గరిటె అలాగే ఉంది. వాళ్ల నాన్నగారు ఫౌజీ అట. ఏడు ఊళ్లలో, ఏడూ కేంద్ర ప్రభుత్వ బడుల్లోనే చదివాడట. పొద్దున్న అసెంబ్లీలో ప్రతిజ్ఞ చదవడం తన వంతు వచ్చిన రోజు గొంతు పట్టేసిన కథ చెప్పి నవ్వాడు. నేను తెలుగుదాన్నని అనగానే, "ఏం రా, బాగున్నవా? తిన్నవా?" అన్నాడు. టీచర్‌ని 'రా' అని పిలిచాడని వాడికి తెలియదు పాపం. మూడో తరగతి సికింద్రాబాదులో చదివాడట. పక్కన కూర్చున్న అబ్బాయి నేర్పిన మాటలవి. తెలుగులో ఆ రెండు మాటలూ, ఒకటి నుంచి పది దాకా అంకెలూ వచ్చు. ఎనిమిది దగ్గర ఆగి, "ఆ... ఎనిమిది" అని గుర్తు తెచ్చుకున్నాడు. ఆ అబ్బాయి పేరు ఇంటిపేరుతో సహా చెప్పాడు. టిఫిను డబ్బాలో ఏం తెచ్చేవాడో కూడా చెప్పాడు. రోజూ నిమ్మకాయ పులిహోర.

నేను కారులోకి వెళ్లి నిమ్మకాయలు తెచ్చాను. ఆ రాత్రి వాళ్ల వంటింట్లో పులిహోర కలిపాను. ఆవాలు లేవు, శనగపప్పు లేదు. కరివేపాకు ఒక్కటే బలం. వాడు తిని, "ఇదే, కానీ ఇది కాదు" అన్నాడు. నిజమే అన్నాడు.

తిరిగొచ్చాక ఈ సంగతి మా ఏడో తరగతి పిల్లవాడికి చెప్పాను. వాడడిగిన ప్రశ్నకి జవాబు తెచ్చాననే అనుకున్నాను. వాడు అంతా విని, "ఆ స్నేహితుడు ఇప్పుడు ఎక్కడున్నాడట?" అన్నాడు. అది నేను అడగలేదు.

మూడోరోజు యూక్లా చూశాం. సముద్రపు ఒడ్డున ఇసుకలో సగం కూరుకుపోయిన రాతి గోడలు. 1877లో మొదలైన టెలిగ్రాఫ్ స్టేషను. ఇది మావారి విభాగం కనుక ఆయనే పాఠం చెప్పారు. అప్పుడు పడమటి వలసప్రాంతం వాళ్లూ దక్షిణ వలసప్రాంతం వాళ్లూ వేర్వేరు మోర్స్ కోడ్‌లు వాడేవారు. ఒకరి చుక్కలూ గీతలూ ఇంకొకరికి అర్థం కావు. అందుకని ఒకే గదిలో అటువైపు వాళ్ల ఆపరేటర్లు, ఇటువైపు వీళ్ల ఆపరేటర్లు కూర్చునేవారు. అటు నుంచి వచ్చిన వార్తని ఒకరు కాగితం మీద రాసి అందిస్తే, రెండోవాళ్లు దాన్ని తమ కోడ్‌లో మళ్లీ కొట్టేవారు. దేశం మొత్తం మాటలు ఒక బల్ల మీదుగా చేతులు మారేవి. 1927లో తీగలు ఉత్తరాన రైలుమార్గం వెంట వెళ్లిపోయాక స్టేషను మూతపడింది. కుందేళ్లు ఇసుకదిబ్బల మీది మొక్కలన్నీ మేసేశాయి, ఇసుక కదిలి వచ్చి ఊరిని మింగేసింది. కుందేళ్లు అనగానే వెనక సీటు వైపు చూశాను. మా చెవి ఊడిన ప్రయాణికుడు ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

ఆ రైలుమార్గం మీద 478 కిలోమీటర్లు వంపు లేకుండా పట్టాలు ఉన్నాయి, ప్రపంచంలో అంత పొడవైన తిన్నని పట్టాలు ఇంకెక్కడా లేవు. కానీ అది మా రోడ్డుకి చాలా ఎగువన వెళుతుంది. కనిపించదు. మావారు రోజంతా ఎడమవైపు చూస్తూనే ఉన్నారు.

ఈ రోడ్డు పేరు ఎయిర్ హైవే. ఎడ్వర్డ్ జాన్ ఎయిర్ అనే ఇంగ్లీషాయన 1841లో ఈ మైదానాన్ని సముద్రం అంచు వెంట తూర్పు నుంచి పడమరకి దాటాడు. మాకు ఎదురు దిశలో అన్నమాట. నీళ్లు లేక, తిండి లేక, మధ్యలో ఒక సహచరుడు హతుడై, ఇద్దరు విడిచి వెళ్లిపోయాక, చివరిదాకా ఆయనతో నడిచింది వైలీ అనే నూంగార్ యువకుడొక్కడే. పుస్తకాల్లో ఎయిర్ సాహసం గురించే ఎక్కువ ఉంటుంది. ఆ కథ నేను సోషల్ క్లాసులో చెప్పినప్పుడు కూడా అలాగే చెప్పాను. వైలీ ఊరు పడమటి కొసన ఉన్న ఆల్బనీ ప్రాంతం. ఎయిర్‌కి అది సాహసయాత్ర. వైలీకి మాత్రం అది ఇంటికి వెళ్లే దారి. అక్కడ ఆ కొండచరియ అంచున నిలబడి చూస్తేగానీ నాకు ఆ తేడా తట్టలేదు. నేల ఉన్నట్టుండి కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. 60 మీటర్లకు పైనే లోతు. కింద సముద్రం, దాని అవతల ఇక అంటార్కిటికా.

నాలుగోరోజు పొద్దున్న హెడ్ ఆఫ్ బైట్ దగ్గర తిమింగలాలు చూశాం. సదరన్ రైట్ వేల్ అనే రకం. ఒడ్డుకి దగ్గరగా నెమ్మదిగా ఈదుతాయి, చచ్చాక తేలతాయి కనుక వేటకి 'సరైనవి' అని వేటగాళ్లు పెట్టిన పేరట అది. పేర్లు పెట్టేవాళ్ల బుద్ధి చూడండి. ఇప్పుడు వేట లేదు. ఏటా చలికాలంలో దక్షిణపు మంచు సముద్రాల నుంచి వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వచ్చి ఇక్కడ పిల్లల్ని కంటాయి. నెలల తరబడి తల్లి దాదాపు ఏమీ తినదు, పిల్లకి పాలిస్తూనే ఉంటుంది. ఒక తల్లి పక్కనే దాని పిల్ల తేలుతోంది. పిల్ల తల్లి వీపు మీదికి ఎక్కి జారింది. మళ్లీ ఎక్కి జారింది. మావారూ నేనూ చెక్క రెయిలింగు పట్టుకుని గంటన్నర నిలబడ్డాం. చలికి నా ముక్కు ఎర్రబడింది. ఆయన తన మఫ్లరు తీసి నాకు చుట్టారు. ఉత్తరం సంగతి ఇద్దరం ఎత్తలేదు.

సెడూనా దగ్గర కారు ఆపి తనిఖీ చేశారు. పండ్ల ఈగ రాకుండా అట. మిగిలిన రెండు నిమ్మకాయలూ టమాటాలూ తీసేసుకున్నారు. కరివేపాకు అడగలేదు కానీ, దాచడం ఎందుకని నేనే తీసి డబ్బాలో వేశాను. ఆ అమ్మాయి ఒక ఆకు నలిపి వాసన చూసి, "బాగుంది, ఏమిటిది?" అంది. దారిలో ఒంటెల బొమ్మలతో హెచ్చరిక బోర్డులు చూశామని చెప్పలేదు కదూ. ఆ ఒంటెల కథ మనదే. 1860లో అప్పటి మన దేశంలోని కరాచీ రేవు నుంచి రెండు డజన్ల ఒంటెల్ని, వాటిని నడిపే మనుషుల్ని ఓడలో తీసుకెళ్లారు. తర్వాత వేలల్లో తెచ్చారు. మోటారు లారీలు వచ్చాక ఒంటెల పని అయిపోయింది, వదిలేశారు. అవి తిరిగి వెళ్లలేదు. అక్కడే ఎడారిలో పెరిగి మందలయ్యాయి. ఒంటెల్ని రానిచ్చారు, నా కరివేపాకుని రానివ్వలేదు.

ఐదోరోజు గోధుమ పొలాలు మొదలయ్యాయి. కింబా అనే ఊళ్లో 'ఆస్ట్రేలియాకి సరిగ్గా సగం దూరం' అని బోర్డు ఉంది. అప్పటికి మా దారి సగం కాదు, అయిపోవచ్చింది. ఎదురొచ్చే కార్లు ఎక్కువయ్యాయి. వేలెత్తితే ఎవరూ తిరిగి ఎత్తడం లేదు. ఊళ్లు దగ్గరపడ్డాయని అలా తెలిసింది.

ఆరోరోజు సాయంత్రం అడిలైడు చేరాం. కొత్త ఇంటినిండా విప్పని అట్టపెట్టెలు. మీకు ఆ వాసన తెలుసు. మా మేనకోడలు కొత్త గదిలోకి వెళ్లనని హాల్లో పరుపు మీదే పడుకుంటోందట. రాత్రి భోజనాలయ్యాక, వంటింట్లో పెట్టెలమీద పెట్టెలు పేర్చి బల్లగా చేసుకుని, మావారూ నేనూ బదిలీకి ఐచ్ఛికాలు రాసే ఫారం తెరిచాం. ఆయన రైళ్ల టైము చూస్తూ ఒక్కో ఊరూ చెప్పారు. మూడు పేర్లు రాశాను. రెండో పేరు ఈ ఊరు. ఇప్పుడు ఆయన శుక్రవారం రాత్రి బండెక్కితే శనివారం టిఫిను వేళకి వస్తారు. ఆ ఉత్తరాన్ని చించలేదు. బ్యాగులోనే ఉంది, ఇంకో ఊరికి వచ్చింది.

మర్నాడు పొద్దున్న మేనకోడలు కుందేలుని ఒళ్లో పెట్టుకుని అడిగింది. "దీనికి దారంతా తెలిసిందా?"

"అంతా తెలిసింది" అన్నాను.

"అయితే గీయమను."

ఒక అట్టపెట్టె విప్పి పరిచాం. కుందేలు కాలు పట్టుకుని నేను గీశాను. పెర్త్ దగ్గర పాత ఇల్లు, గోడ మీదుగా చూస్తున్న పక్కింటాయన, కరివేపాకు కుండీ. నీళ్ల గొట్టం. గుర్రం. ఆకాశంలోంచి పడుతున్న స్కైలాబ్, దాని కింద పరుగెత్తే కోళ్లు. తర్వాత స్కేలు పెట్టి ఒక పొడుగాటి తిన్నని గీత. "ఇక్కడేం ఉంది?" అంది. ఏమీ లేదన్నాను. "ఏదో ఒకటి ఉంటుంది కదా అత్తా" అంది. ఆలోచించి, ఆ గీత మధ్యలో ఒక చిన్న కారు, అందులో ఇద్దరు మనుషుల్ని గీశాను. పులిహోర తింటున్న అబ్బాయి, ఇసుకలో ఇల్లు, తల్లి తిమింగలం, పిల్ల తిమింగలం, చెత్తడబ్బా, ఒంటె. చివర ఈ ఇల్లు. ఈ ఇంటికి తలుపు పెట్టడం మరిచిపోతే తనే క్రేయానుతో పెట్టింది.

ఆ అట్టముక్కని తన కొత్త గది గోడకి ఆనించి, కుందేలుని దానికి ఎదురుగా కూర్చోబెట్టింది. కాసేపటికి మళ్లీ లేచి వెళ్లి, దాన్ని కిటికీ దగ్గరికి మార్చింది. "పడమర ఎటు అత్తా?" అని అడిగితే చూపించాను. బొమ్మని అటు తిప్పి పెట్టి, ఆ రాత్రి ఆ గదిలోనే పడుకుంది.